రెండు తాళంచెవుల పెట్టె

జులై 4

మామయ్య గారికి,

నమస్కారం. ముందుగా నా అక్షరదోషాలకీ, ఈ కోడిగీతల్లాంటి రాతకీ క్షమించండి. నా చదువు ఐదో తరగతితో ఆగింది. ఆ తర్వాత సరుకుల చీటీ తప్ప ఏమీ రాయలేదు. ఫోన్‌లో చెబుదామంటే మీకు వినపడదు, నాకు గొంతు పెగలదు. పెళ్ళై రెండేళ్ళు కావస్తోంది, మీ ఎదుట నిలబడి "భోజనానికి రండి" అన్న మాట తప్ప ఇంకేమైనా అన్నానో లేదో నాకే గుర్తులేదు. అందుకని ఉత్తరం.

వదిన ఇంటి నుంచి మీరు పంపిన పొట్లం అందింది. గుడ్డలో చుట్టిన తాళంచెవీ, మీ చీటీ రెండూ ఉన్నాయి. మీ అబ్బాయి కంపెనీ వ్యాను తీసుకుని డెలివరీలకి వెళ్ళాక మీ తాళాల షాపుకి వెళ్ళాను. పైకప్పు రేకు జరిగి, వాన నీళ్ళు సరిగ్గా మీ పనిబల్ల కింద ఇనప్పెట్టె మీదే పడుతున్నాయి. మీరు పంపిన చెవి ఒక తాళానికీ, అత్తయ్య పోయేముందు నా చేతిలో పెట్టిన చెవి రెండోదానికీ వేసి, రెండూ కలిపి తిప్పితే గానీ తెరుచుకోలేదు. నోట్లన్నీ చెమ్మగిల్లి ఒకదానికొకటి అంటుకున్నాయి. ఇంటికి తెచ్చి మంచం మీద పరిచి, ఫ్యాను వేసి, తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాను. దొంగసొమ్ముకి కాపలా ఉన్నట్టుంది.

ఇంకో సంగతి. షాపు యజమాని వచ్చాడు. షాపు అమ్మేస్తాడట. "ముసలాయన ఇన్నేళ్ళుగా ఉన్నాడు కాబట్టి నవంబరు ఆఖరుదాకా ఆగుతాను. ఈలోగా మొత్తం కడితే ఆయనకే, లేకపోతే పక్క ఫోన్లషాపు అతనికి" అన్నాడు. ఆ పక్కతను అప్పుడే వచ్చి మధ్యగోడ మీద వేళ్ళతో కొట్టి చూసుకుంటున్నాడు, ఎంత తేలిగ్గా పడుతుందోనని.

డబ్బు పెట్టెలో ఉండటానికి వీల్లేదు. ఎక్కడ పెట్టమంటారు? మీ అబ్బాయికి చెప్పనా? ఈ ఉత్తరం చదివాక కాల్చేయండి.

మీ కోడలు

జులై 11

అమ్మాయ్,

నీ రాత నా కంటికి బాగానే ఉంది. నా కూతురే అయినా, మీ వదిన రాత చూడలేదు నువ్వు.

వాడికి చెప్పకు. మంచివాడే, నా కొడుకే. కానీ ఎవరడిగినా కాదనలేడు. జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడితే ఆ చెయ్యి దానంతటదే బయటికొస్తుంది. పైగా సొంత వ్యాను పిచ్చి ఒకటి.

బ్యాంకులంటే నాకు నమ్మకం లేదు. లాకర్ల తాళాలు ఎన్నో బాగుచేశాను, అవి ఎంత తేలిగ్గా లొంగుతాయో నాకు తెలుసు. కానీ ఇప్పుడు తుంటి విరిగి మంచాన పడి ఉన్నవాణ్ణి, బీరాలు పలకలేను. నువ్వే వెళ్ళి కనుక్కో. నువ్వే చూసి పెట్టు. ఆ షాపు పోతే నాకు ఈ మంచం దిగాల్సిన పనే ఉండదు. అది మాత్రం గుర్తుంచుకో.

కాల్చేయమన్నావు. మీ వదిన ఇంట్లో అంతా కరెంటు పొయ్యి. అగ్గిపెట్టె అడిగితే చాటుగా సిగరెట్ కాలుస్తున్నానని అనుమానిస్తుంది. దిండు కింద పెట్టాను.

మీ మామయ్య

ఆగస్టు 13

మామయ్య గారికి,

నమస్కారం. తుంటి ఎలా ఉంది? వదిన చెప్పినట్టు వినండి. చేతికర్ర లేకుండా నడవబోయారని తెలిసింది.

మీరు సంతకం పెట్టి పంపిన కాగితాలు ఇచ్చేశాను. మన ఇద్దరి పేరునా ఖాతా తెరిచారు. బ్యాంకుకి మొదటిసారి వెళ్ళినప్పుడు గాజు తలుపు దగ్గరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగొచ్చాను. రెండోసారి లోపలికి వెళ్ళి, క్యాలెండరు చూసి వచ్చేశాను. మూడోసారి కౌంటర్లో ఉన్న కళ్ళజోడావిడే పిలిచింది. "ఏమ్మా, రోజూ మా గోడలు చూసి పోతున్నావు, ఏం కావాలి?" అని. డబ్బు పెట్టాలన్నాను. "ఎంత?" అనలేదావిడ. "మళ్ళీ ఎప్పుడు కావాలి?" అంది. నవంబరు ఆఖరులోపు అన్నాను.

అప్పుడు చెప్పింది. పొదుపు ఖాతాలో వేస్తే ఎప్పుడంటే అప్పుడు తీసుకోవచ్చు, వడ్డీ పేరుకే. ఏడాది డిపాజిట్టులో వడ్డీ బాగుంటుంది కానీ మధ్యలో తీసేస్తే కోత పెడతారు. మూడోది, ప్రభుత్వం కొద్ది నెలలకి అప్పు తీసుకుని ఇచ్చే బాండు. మూడు నెలలదీ ఉంది, ఆరు నెలలదీ ఉంది.

"గడువునాడు వాళ్ళు ఇవ్వకపోతే?" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆవిడకి వినపడింది.

"ప్రభుత్వమే ఎగ్గొడితే నీ మంచం మీది నోట్లు మాత్రం దేనికి పనికొస్తాయి? అవీ వాళ్ళు అచ్చేసినవే" అంది. మంచం సంగతి నేనే ముందు నోరుజారాను లెండి.

ఆరు నెలలది కాస్త ఎక్కువ ఇస్తుంది. కానీ అది చేతికొచ్చేసరికి మన గోడ ఉండదు. మధ్యలో అమ్ముకోవచ్చట గానీ ఆనాటి ధర ఎంతుంటే అంతే. అందుకని మూడు నెలలది తీసుకున్నాను. నవంబరు మధ్యలో వస్తుంది. మీ మందులకీ వాటికీ అవసరమవుతుందని కొంచెం పొదుపు ఖాతాలో ఉంచాను.

చివర్లో ఆవిడ, "డబ్బు తీయాలంటే ఇద్దరిలో ఎవరి సంతకమైనా చాలా, ఇద్దరిదీ ఉండాలా?" అని అడిగింది. ఇద్దరిదీ అన్నాను. మీ పెట్టె కూడా అంతే కదా. "ఇబ్బంది పడతావమ్మా, ఆయన ఊళ్ళో లేరంటున్నావు" అంది. అయినా ఇద్దరిదీ అనే అన్నాను.

షాపు షట్టరు దగ్గరికి జనం వచ్చి పోతున్నారు. నిన్న ఒక పంతులమ్మ వచ్చింది, ఇంటి తాళంచెవి విరిగి సగం చేతిలో మిగిలిందట. ఎలాగో పంపించాను.

బాండు రసీదు నకలు పంపుతున్నాను. చూసి కాల్చేయండి.

మీ కోడలు

ఆగస్టు 21

అమ్మాయ్,

రసీదు చూశాను. భూతద్దం పెట్టి చూశాను. మీ వదినని అడగలేక నేనే చూశాను. వడ్డీ అన్న గడిలో గీత కొట్టి ఉంది! ఏమీ లేదు! నా డబ్బు ఊరికే వాడుకోవడానికి ప్రభుత్వం ఏమైనా నాకు వియ్యంకుడా? ఆ కళ్ళజోడావిడ నిన్ను బుట్టలో వేసింది. వెంటనే వెళ్ళి అడుగు.

రెండు సంతకాల సంగతి మాత్రం భేష్. మీ అత్తయ్య ఉంటే మెచ్చుకునేది. ఆ పెట్టెకి రెండు తాళాలు పెట్టమన్నది తనే. "నీకు కోపం వచ్చిన రోజు నా చెవి ఇవ్వను, నాకు ఆశ పుట్టిన రోజు నువ్వు ఇవ్వకు" అనేది. జీవితమంతా అలాగే నడిపాం.

మీ మామయ్య

ఆగస్టు 30

మామయ్య గారికి,

కంగారు పడకండి. నేనూ కంగారుపడే పరిగెత్తాను. ఏమీ తినకుండా వెళ్ళానేమో, వరుసలో నిలబడి ఉండగా కళ్ళు తిరిగి కూలబడ్డాను. నీళ్ళు తాగించారు. పరువు పోయిందనుకోండి.

ఆవిడ చెప్పింది విన్నాక నాకు మీరే గుర్తొచ్చారు. బడివాళ్ళు గదులన్నిటికీ తాళాలు కావాలని ముందే డబ్బు కట్టినప్పుడు మీరు ధర తగ్గించి తీసుకున్నారు చూడండి. తాళాలు మాత్రం పూర్తిగా ఇచ్చారు. ఇదీ అంతే. మనం ఇప్పుడు తగ్గింపు ధర కట్టాం, గడువునాడు కాగితం మీదున్న పూర్తి మొత్తం ఇస్తారు. ఆ తేడాయే మన లాభం. విడిగా వడ్డీ ఉండదు కాబట్టి ఆ గడిలో గీత. రసీదులో కింద రెండు అంకెలున్నాయి, ఒకటి కట్టింది, ఒకటి రాబోయేది. భూతద్దం కాస్త కిందికి జరపండి.

ఇక్కడ ఒక వింత. మీ అబ్బాయి ఈమధ్య రోజూ నారింజపళ్ళు తెస్తున్నారు. నీళ్ళ బకెట్ ఎత్తబోతే లాక్కుంటున్నారు. నిన్న నేను కుర్చీ ఎక్కి బూజు దులుపుతుంటే పరుగున వచ్చి రెండు చేతులతో దించేశారు. "ఏమైంది మీకు?" అంటే నవ్వి, "నువ్వు చెప్పినప్పుడే చెప్పు, నాకేం తొందర లేదు" అన్నారు. బ్యాంకు సంగతి పసిగట్టారేమోనని రసీదు బియ్యం డబ్బాలో దాచాను.

కాల్చేయండి, మరిచిపోకుండా.

మీ కోడలు

సెప్టెంబరు 27

తల్లీ,

భూతద్దం కిందికి జరిపాను. అంకెలు కనిపించాయి. కళ్ళజోడావిడకి నా తరఫున క్షమాపణ చెప్పు, నేను అన్నమాట మాత్రం చెప్పకు.

ఆ విషయం మీ వదిన నాకు చెప్పింది. దానికి మీ ఆయనే ఫోన్ చేసి చెప్పాడట. నువ్వు నాకు చెప్పలేదని కోపమేం లేదు. మామగారితో చెప్పుకునే విషయమా! నువ్వు సిగ్గరివని ఎరగనా. నాకు మాత్రం ఎంత సంతోషంగా ఉందో. చేతికర్ర లేకుండా గది ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచాను, మీ వదిన కేకలు వేసింది.

ఒళ్ళు జాగ్రత్త. బరువులు ఎత్తకు. ఎక్కువసేపు నిలబడకు. ఎప్పటినుంచి, ఏమిటి అని నేనడగను. నీకు చెప్పాలనిపిస్తే చెప్పు.

మీ మామయ్య

అక్టోబరు 5

మామయ్య గారికి,

మీ ఉత్తరం చదివి ఏడ్చాను. తిడతారని భయపడి చచ్చాను, మీరేమో సంతోషం అన్నారు. ఇంక దాచను.

ఆ పంతులమ్మ వచ్చిన రోజే మొదలైంది. ఎలాగో పంపించానని రాశాను కదా, అది పూర్తి నిజం కాదు. ఎవరూ బలవంతం చేయలేదు, నా అంతట నేనే.  నాకు చేతనవుతుందా, ఆడదాన్ని, నలుగురూ ఏమనుకుంటారు అనుకున్నాను. ఇప్పుడు పొద్దున లేస్తూనే అదే ధ్యాస. ఎంత ఇష్టమో చెప్పలేను. నిలబడకుండా కుదరదు గానీ అలసట అనిపించినప్పుడు కూర్చుంటున్నాను.

మీ అబ్బాయికి తెలుసని మీరంటున్నారు, మరి నా ఎదుట ఎందుకు బయటపడరో. నేనూ చెప్పలేకపోతున్నాను. మీరొచ్చాక మీ ఎదుటే చెబుతాను.

బాండు గడువు దగ్గరపడుతోంది కాబట్టి డబ్బు తీసే కాగితం కూడా ఇందులో పెట్టాను, సంతకం చేసి పంపండి. ఈ ఉత్తరం మాత్రం తప్పకుండా కాల్చేయాలి.

మీ కోడలు

నవంబరు 2

తల్లీ,

బాగా ఆలోచించి రాస్తున్నాను. మధ్యలో ఆ పంతులమ్మ ఎవరో నాకు బోధపడలేదు. పంతులమ్మల మాటలు కట్టిపెట్టి మంచి డాక్టరుకి చూపించుకో.

షాపు మనకొద్దు. నేనింక ఎన్నాళ్ళు ఆకురాయి పట్టగలను? నా తర్వాత ఆ బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు లేరు. మీ ఆయనకి వ్యాను తప్ప ఇంకోటి కనపడదు. రేపు పుట్టబోయే బిడ్డకి తాత మిగల్చాల్సింది తుప్పుపట్టిన షట్టరా? బాండు డబ్బు రాగానే మళ్ళీ బాండులోనే వెయ్యి. ఈసారి ఆరు నెలలది తీసుకో, మనకిప్పుడు తొందర లేదుగా. అలా తిప్పుతూ పో, బిడ్డ బడికి వెళ్ళేనాటికి అక్కరకొస్తుంది.

నువ్వు పంపిన డబ్బు తీసే కాగితం సంతకం లేకుండానే వెనక్కి పంపుతున్నాను. షాపు యజమానికి వద్దని రాసిన చీటీ ఇందులోనే ఉంది, ఇచ్చేయి. నువ్వు చేతికివ్వు చాలు, మాట్లాడక్కర్లేదు.

మీ మామయ్య

నవంబరు 7

మామయ్య గారికి,

సిగ్గు విడిచి రాస్తున్నాను. నేను నీళ్ళోసుకోలేదు.

మీ ఉత్తరం చదివాక గానీ నాకు వెలగలేదు. నారింజపళ్ళు ఎందుకో, బకెట్ ఎందుకో, వదిన ఫోన్ చేసినప్పుడల్లా నవ్వులెందుకో. బ్యాంకులో కళ్ళు తిరిగి పడ్డప్పుడు వరుసలో ఉన్న ఎవరో మీ అబ్బాయికి చెప్పారట. రోజు మార్చి రోజు మంచి బట్టలు కట్టుకుని పొద్దున్నే వెళుతుంటే ఆసుపత్రికే అనుకున్నారట. రాత్రి అన్నీ చెప్పేశాను, పెట్టె సంగతీ, బాండు సంగతీ. మొత్తం విన్నారు. తర్వాత "అయితే నా నారింజపళ్ళ డబ్బులు ఇచ్చెయ్" అన్నారు. నవ్వారు గానీ మొహం మాత్రం చిన్నబోయింది. నాకూ కష్టంగానే ఉంది.

ఇక నేను రాసిన ఆ సంగతి. షాపు తెరిచింది నేను. పంతులమ్మ ఇంటి బయట నిలబడిపోయింది, లోపల పొయ్యి మీద పాలున్నాయంది. మీకు టీ ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా ఆ పరదా పక్కన నిలబడి మీ చేతులు చూసేదాన్ని. మీరు పిలిచేదాకా గ్లాసు ఇవ్వకపోవడానికి కారణం సిగ్గొక్కటే కాదు. విరిగిన ముక్కలు రెండూ పక్కపక్కన పెట్టి, పళ్ళు ఇంకా కొయ్యని కొత్త తాళంచెవి ఒకటి మీ బల్ల మీది వైస్ పట్టులో బిగించి, ఆకురాయి పట్టాను. మొదటిది తిరగలేదు. రెండోదీ తిరగలేదు. మూడోది తిరిగింది. పాలు మాడిపోయాయి గానీ ఇల్లు మిగిలింది.

ఆవిడ ఇంకొకరికి చెప్పింది, వాళ్ళు ఇంకొకరికి. సగం షట్టరు ఎత్తి పొద్దునపూట చేస్తున్నాను. మీ సరుకు చాలా పాడుచేశాను. పెద్ద తాళాలు నాకు రావు, వాటికి మీరొస్తారని చెప్పి పంపుతున్నాను. కౌంటర్ అవతల ఉన్నవాళ్ళతో మాట్లాడటానికి నాకు సిగ్గు వేయట్లేదు మామయ్యా. ఎందుకంటే వాళ్ళూ నన్ను చూడరు, నా చేతుల్లో ఉన్న తాళంచెవినే చూస్తారు.

షాపు మీకోసం కొనమని అడగట్లేదు. నాకు కావాలి. ఇన్నాళ్ళలో నాకు కావాలి అని ఎవర్నీ ఏదీ అడగలేదు. ఆ బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు లేరన్నారు. ఉన్నారు.

మీరు షాపు యజమానికి రాసిన చీటీ నేను ఇవ్వలేదు. మీ మాట కాదనడం ఇదే మొదటిసారి, తిట్టాలనిపిస్తే తిట్టండి. ఆ కాగితం మళ్ళీ పంపుతున్నాను. మీరు సంతకం పెట్టకపోతే డబ్బు అక్కడే ఉంటుంది, గోడ పడిపోతుంది. ఇద్దరి సంతకాలు కావాలన్నది నేనే. అందుకు బాధ పడట్లేదు. మీ డబ్బు, మీ చెవి తిరగకుండా తెరుచుకోకూడదు.

 కాల్చేయండి.

మీ కోడలు

నవంబరు 13

అమ్మాయ్,

సంతకం పెట్టాను. పెన్ను రాయకపోతే మీ వదిన పెన్ను లాక్కుని పెట్టాను.

మీ వదిన అప్పుడే చిన్న ఊలు టోపీ ఒకటి అల్లేసింది. "ఇప్పుడు దీన్నేం చెయ్యను?" అంటుంది. దాచు అన్నాను. తొందరేముంది, ఆరు నెలల బాండు అనుకో అన్నాను.

పరదా పక్కన నిలబడి నువ్వు గ్లాసు ఇవ్వనప్పుడల్లా నేనంటే భయమనుకున్నాను. అందుకే తల ఎత్తేవాణ్ణి కాదు. ఎత్తి ఉంటే ఇంత సరుకు పాడయ్యేది కాదు.

ఒకే షరతు. షాపు కాగితాల్లో నా పేరు పక్కన నీ పేరు కూడా రాయించు. మీ అత్తయ్య పద్ధతి. ఇంకొకటి, నీ చేత్తో కోసిన తాళంచెవి ఒకటి పంపు. చూడాలి.

మీ మామయ్య

నవంబరు 29

మామయ్య గారికి,

నమస్కారం. షాపు మనదైంది. మీరన్నట్టే కాగితాల్లో మీ పేరు పక్కన నా పేరూ రాయించాను.

కళ్ళజోడావిడ మీ సంతకం, నా సంతకం పక్కపక్కన పెట్టి చూసి, "ఇబ్బంది పడతావన్నాను కదమ్మా, పడ్డావా?" అంది. పడ్డానన్నాను. "మారుస్తావా మరి?" అంది. వద్దన్నాను. కాగితం మీదున్న మొత్తం పైసా తేడా లేకుండా వచ్చింది. మన లాభం పెద్దదేం కాదు, పైకప్పు రేకులకి సరిపోయింది. నీళ్ళు కారిన చోటే ఆ డబ్బు వెళ్ళి కూర్చుంది. రేకులు మీ అబ్బాయే ఎక్కి బిగించారు. షట్టరుకి రంగు కూడా వేశారు. పక్క ఫోన్లషాపు అతను వచ్చి గోడ మీద మళ్ళీ కొట్టి చూశాడు. "గట్టి గోడ" అన్నాడు. అవునన్నాను. గట్టిగానే అన్నాను.

ఈ పొట్లం మీ అబ్బాయి చేతే పంపుతున్నాను. వ్యానులో వెనక పరుపు వేశారు, డాక్టరు సరేనంటే మిమ్మల్ని తీసుకొచ్చేయమన్నాను. రెండు తాళంచెవులున్నాయి ఇందులో. మెరుస్తున్నది షట్టరు కొత్త తాళానిది. నేను కోసింది. మూడో పన్ను దగ్గర కాస్త ఎక్కువ అరిగింది, నాకు తెలుసు. తిట్లు ఉత్తరంలో వద్దు, వచ్చి తిట్టండి.

రెండోది మీ ఇనప్పెట్టెది. పెట్టె తుప్పు గీకి, నూనె రాసి, పనిబల్ల కిందే పెట్టాను. డబ్బు లేదు కదా ఖాళీగా ఎందుకని, మీరు రాసిన ఉత్తరాలన్నీ అందులో పెట్టి రెండు తాళాలూ వేశాను. మీ చెవి మీకు పంపేస్తున్నాను కాబట్టి ఇక నాకు చదువుకోవాలనిపించినా కుదరదు. మీరొస్తే గానీ తెరుచుకోదు.

నా ఉత్తరాలు మాత్రం కాల్చేయండి. ఇదీ, దిండు కింద ఉన్నవీ, అన్నీ. కరెంటు పొయ్యి అని ఇంక చెప్పడానికి వీల్లేదు. పొట్లంలో అడుగున అగ్గిపెట్టె కూడా పెట్టాను.

మీ కోడలు